మోకాలి చప్పుడు

అనుమానం పెనుభూతం అంటారు. అననివ్వండి. నాకు అనుమానం ఎక్కువని మా ఆయన వాలుసింబి ఊరంతా చెబుతాడు, నేనూ కాదనను. పాలు పోసేవాడు నవ్వుతూ వస్తే నీళ్లు ఎక్కువ కలిపాడనుకుంటాను. గౌడెన్సియా లాంటి ఆడబిడ్డతో ముప్పై ఒక్క ఏళ్లు వేగాను. ఆ మాత్రం అనుమానం లేకపోతే ఈపాటికి నన్ను నమిలి మింగేసి ఉండేది.

గౌడెన్సియా మా ఆయనకు అక్క. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఎవరన్నారో గానీ తక్కువ చేసి అన్నారు. మా గాండా జాతివాళ్లలో ఆమె మొగుడి మీద ఇంకో పావు ఎక్కువే. మొగుడికి ఎలా మోకరిల్లి కంచం అందిస్తామో ఆమెకీ అలాగే అందించాలి. ఆమె గుమ్మంలోకి వస్తే చేతిలో పని వదిలేసి, రెండు మోకాళ్ల మీదా దిగి పలకరించాలి. ప్రయాణం ఎలా సాగింది, అక్కడ అందరూ కులాసాయేనా, వానలు పడ్డాయా, అరటితోట ఎలా ఉంది, అన్నీ అడగాలి. అన్నిటికీ ఆమె జవాబు చెప్పేదాకా లేవకూడదు. ఆమె ఒక్కో జవాబూ సాగదీసేది. కావాలనే సాగదీసేదని నా అనుమానం.

ఆమె బతుకంతా మోకాళ్ల మీదే గడిచింది. పద్దెనిమిదో ఏట పెళ్లయింది, ముప్పై నిండకుండానే మొగుడు పోయాడు, పిల్లల్లేరు. తర్వాత సెంగా అయింది. సెంగా అంటే మేనత్త. పెళ్లికి ముందు పిల్లను కూర్చోబెట్టి మోకరిల్లడం దగ్గర్నుంచి తలుపేసుకుని చెప్పాల్సిన మాటల దాకా నేర్పేది మేనత్తే. సొంత మేనత్తలు లేనివాళ్లూ, ఉన్నా పనికిరానివాళ్లూ గౌడెన్సియాను పిలిపించుకునేవారు. మసాకా చుట్టుపక్కల ఆమె చేతిలో నేర్చుకోని పిల్ల లేదంటే అబద్ధం కాదు. అబ్బాయి తరఫువాళ్లు పిల్లను అడగడానికి వచ్చే వేడుకను మేము పరిచయం అంటాం. ఆ రోజు ఆడపిల్లలను వరసగా నడిపించుకొచ్చి, వచ్చినవాళ్ల ముందు మోకరిల్లి మాట్లాడేది సెంగాయే. శనివారం వచ్చిందంటే గౌడెన్సియా ఏదో ఒక ఊళ్లో, ఏదో ఒక షామియానా కింద, గంటల తరబడి మోకాళ్ల మీద ఉండేది. నలభై ఏళ్లు అలా గడిపింది.

ఆమె నేర్పే మొదటి పాఠం ఒక్కటే. మోకరిల్లితే చప్పుడు రాకూడదు. మోకాలు దిగిన సంగతి నేలకు కూడా తెలియకూడదు అనేది. పిల్లను ఎదురుగా నిలబెట్టి, తాను కళ్లు మూసుకుని వినేది. చప్పుడు వినిపిస్తే కళ్లు తెరవకుండానే "మళ్లీ" అనేది. నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలో నా చేత పదకొండుసార్లు దింపించింది. పదకొండూ నాకు గుర్తే.

అలాంటి మనిషికి మోకాళ్లే మొరాయించాయి. అరవై ఆరో ఏడు వచ్చేసరికి కుడికాలు వంకరపోయింది. ఆకులు వేడిచేసి కట్టింది, నెయ్యి రాసింది, ప్రార్థనలు చేయించింది. ఆఖరికి పట్నం ఆస్పత్రిలో డాక్టర్ ఒడోంగ్ అనే ఉత్తరాది ఆయన, మోకాలు మార్చాలి, లోపల లోహపు కీలు పెట్టాలి అన్నాడు. గౌడెన్సియా ఆయన్ని నిలదీసింది. ఆ లోహం ఇంతకుముందు ఎవరి కాలిలో ఉందో, వాళ్లిప్పుడు బతికే ఉన్నారో లేదో చెప్పమంది. ఆపరేషన్ అయ్యాక, కోసి తీసిన ఎముక తనది కాబట్టి తనకే ఇమ్మంది. కాల్చేశామని ఆయన చెబితే ఆయన ముందు తలూపింది. ఆయన అటు వెళ్లగానే నన్ను దగ్గరికి పిలిచి, "కాల్చారట. ఎవరు చూశారు?" అంది. నిజం చెప్పొద్దూ, ఆ అనుమానం నాకూ వచ్చింది. మా ఇద్దరికీ కలిసిన గుణం అదొక్కటే.

ఆమె ఇల్లు గట్టు మీద ఉంటుంది, ఆ కాలితో ఎక్కి దిగడం కుదరదు. అందుకని మా ఇంటికి తెచ్చుకున్నాం. డాక్టర్ నాకు జాగ్రత్తలన్నీ చెప్పాడు. రోజూ కాలు వంచాలి, వాకర్ పట్టుకుని నడవాలి, పుండు దగ్గర చెమ్మ కనిపిస్తే ఆ రోజే తీసుకురావాలి, తాను చెప్పేదాకా మోకరిల్లకూడదు. ఆ చివరి మాట అన్నప్పుడు గౌడెన్సియా నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను.

ఇక మా ఇంట్లో కాపలా మొదలైంది. ఎవరు ఎవరికి కాపలానో చెప్పలేను. అరటికాయలు ఆకుల్లో చుట్టి ఉడకబెట్టి, పల్లీల పులుసు పోసి తీసుకెళ్తే కంచం నావైపే తోసేది. "ముందు నువ్వు తిను," అనేది. పూటకొక ముద్ద తిన్నాను. ఆ నెలలో ఆమె కాలు సన్నబడింది, నేను లావెక్కాను. స్నానం నీళ్లలో వేలు ముంచి వాసన చూసేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆమె దిండు కింద ఏముందో రోజూ చూసేదాన్ని. రోజుకు మూడుసార్లు మోకరిల్లి కంచం పెట్టేదాన్ని, వంటింటి ద్వారబంధం పట్టుకుని లేచేదాన్ని. లోపల తిట్టుకునేదాన్ని కూడా.

ఏమైతేనేం, కాలు బాగుపడింది. కుట్లు విప్పారు. ఐదో వారం ఆదివారం నేను నూనె రాస్తే మచ్చ పొడిగా, నున్నగా ఉంది. సరిగ్గా అప్పుడే మా ప్రిస్కా పరిచయానికి రోజు కుదిరింది. ఇంకా తొమ్మిది వారాల గడువుంది. ప్రిస్కా మా ఒక్కగానొక్క కూతురు, అంటే గౌడెన్సియాకు సొంత మేనకోడలు. ఊరందరి పిల్లలనూ నడిపించిన మనిషి ఈ పిల్ల కోసం పుట్టిన రోజు నుంచి ఎదురుచూస్తోంది. కానీ డాక్టర్ మోకరిల్లడం వద్దన్నాడు. పిల్ల తల్లిని, నా భయం నాది. అందుకే బుధవారం నాడు వంటింటి తలుపు దగ్గరికి వేసి, క్యోతెరాలో ఉన్న మాక్సెన్సియాకు ఫోన్ చేశాను. ఆమె మా ఆయనకు పినతండ్రి కూతురు, వరసకు సెంగాయే. ఎందుకైనా మంచిది, సిద్ధంగా ఉండమన్నాను. ఎవరికీ చెప్పొద్దన్నాను.

తర్వాతి ఆదివారం నూనె గిన్నె తీసుకెళ్తే గౌడెన్సియా కాలు ముట్టుకోనివ్వలేదు. చలేస్తోందని దుప్పటి లాక్కుంది. సోమవారం పక్కబట్ట మీద పసుపుపచ్చని మరక కనిపించింది. అడిగితే పులుసు ఒలికిందంది. పులుసుకు ఆ వాసన ఉండదు. గట్టిగా అడిగితే, "నీ నూనె వల్లే," అంది. "అందులో ఏం కలిపావో నీకే తెలియాలి."

ఆ మాటతో నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నా మీద పడ్డ మచ్చ నేనే కడుక్కోవాలని ఆరా తీయడం మొదలుపెట్టాను. ముందు వీధి చివర ఆకుమందులు అమ్మే ముసలమ్మ మీదికి వెళ్లాను. పదిరోజులుగా మీ గడప తొక్కలేదని ఆమె కులదైవాల మీద ఒట్టేసింది. తర్వాత ఆస్పత్రి కుట్లను అనుమానించాను. పాలవాడినీ అనుమానించాను, ఎందుకో నాకే తెలియదు. ఆస్పత్రికి పోదామని ఆమెను అడిగితే ససేమిరా అంది. చెమ్మ కనిపించిన రోజే తీసుకెళ్లాల్సింది. పులుసు అన్నారు కదా, పులుసే అయి ఉంటుందిలే అన్నాడు మా ఆయన. అక్క మాట అంటే ఆయనకు వేదవాక్కు.

మంగళవారం ఆమె గోమెసి ఉతుకుతున్నాను. మా ఆడవాళ్లు కట్టుకునే గోమెసి పాదాల దాకా ఉంటుంది, అంచు మాసితే మాస్తుంది. కానీ దాని మీద మోకాళ్ల దగ్గర రెండు గుండ్రటి మట్టి మరకలున్నాయి. వరండా దాటి వెళ్లని మనిషికి మట్టి ఎక్కడిది? వెళ్లి వాకర్ కాళ్లు తిప్పి చూశాను. రబ్బరు బుడిపెలకు అరటితోట నల్లమట్టి అంటుకుని ఉంది. దొరికావు అనుకున్నాను. అంత సంతోషం ఈ మధ్య కాలంలో నాకు కలగలేదు.

మర్నాడు మధ్యాహ్నం బుట్ట చంకన పెట్టుకుని, బజారుకు వెళ్తున్నానని వినపడేలా చెప్పాను. వీధి మలుపు దాకా వెళ్లి, కాఫీ చెట్ల వెనక నుంచి తిరిగొచ్చి నక్కి కూర్చున్నాను. కాసేపటికి గౌడెన్సియా వాకర్ జరుపుకుంటూ తోటలోకి వచ్చింది. చుట్టూ చూసింది. ఎండిన అరటాకులు కర్రతో ఒకచోటికి లాగింది. కొంగు ముడి పళ్ల మధ్య పెట్టుకుంది. వాకర్‌ను రెండు చేతులా పట్టుకుని, అంగుళం అంగుళంగా కిందికి దిగింది. ముఖం బూడిదరంగుకు తిరిగింది. కానీ ఆకుల మీద కూడా చప్పుడు కాలేదు. నోట్లోంచి కొంగు తీసి, ఎదురుగా అబ్బాయి తరఫువాళ్లున్నట్టు నవ్వుతూ మొత్తం పలకరింపు చెప్పింది. వచ్చిన పెద్దలకు, తోడొచ్చినవాళ్లకు, ఒక్కరినీ వదలకుండా. "మా ప్రిస్కా" అన్నప్పుడు గొంతు జీరపోయింది. తర్వాత లేవలేకపోయింది. వాకర్ కాస్త పక్కకు జరిగింది. దాన్ని అందుకోవడానికి ఆ కాలితో, ఆ మట్టిలో పాకింది.

నేను పరుగెత్తుకెళ్లి పట్టుకోవాలి. వెళ్లలేదు. దొంగ దొరికింది కదా అన్న ఆనందంలో కాఫీ చెట్టు వెనకే కూర్చుండిపోయాను. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

సాయంత్రానికి ఒళ్లు కాలిపోయింది. మోకాలు ఎర్రగా పొంగి, మచ్చ కింది కొసన నోరు తెరుచుకుంది. గురువారం పొద్దున్నే కారు మాట్లాడుకుని పట్నం తీసుకెళ్లాం.

డాక్టర్ ఒడోంగ్ కాలు నొక్కి చూసి, సూదితో లోపలి నీరు తీసి పరీక్షకు పంపాడు. ఇది ఎప్పటినుంచి అని అడిగాడు. గౌడెన్సియా తల ఎత్తి, కోసిన రోజు నుంచే ఉందనీ, ఏనాడూ ఆరలేదనీ, ఆయన కుట్లే బాగాలేవనీ చెప్పింది. ఆయన కోపం తెచ్చుకోలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మా, బాగా ఆలోచించి చెప్పండి. మొదటినుంచీ కారుతోందంటే క్రిములు లోహాన్ని పట్టేసినట్టే. లోహం మొత్తం తీసేయాలి. నెలల తరబడి కీలు లేకుండా ఉండాలి. మళ్లీ పెట్టగలమో లేదో చెప్పలేను, కాలు కర్రలా ఉండిపోవచ్చు. కొద్దిరోజులదే అయితే తెరిచి కడుగుతాను, లోహం దక్కుతుంది."

గౌడెన్సియా పెదవులు బిగించింది. మా అక్క అబద్ధం ఆడదు డాక్టరుగారూ అన్నాడు మా ఆయన.

ఆమె ఎందుకు మాట్లాడడం లేదో నాకు అర్థమైంది. ఊరి పిల్లలందరికీ మోకరిల్లడం నేర్పిన మనిషి దొంగచాటుగా మోకరిల్లి కాలు పాడుచేసుకుందని తమ్ముడి ముందు ఎలా ఒప్పుకుంటుంది? దానికన్నా కాలు పోవడమే నయమనుకుంది. నేను నోరు తెరిచి కాదనకూడదు. ఆడబిడ్డ మాటను కాదన్న కోడలికి మా వాళ్లలో పరువుండదు. ఒక పాడు ఆలోచన కూడా వచ్చిందని ఒప్పుకుంటాను. నేనెందుకు చెప్పాలి, నా నూనె మీద నింద వేసిందిగా అనుకున్నాను. కానీ ఆ మట్టిలో పాకడం కళ్లముందు మెదిలింది. లేచి నిలబడ్డాను. మోకరిల్లకుండా, నిలబడే మాట్లాడాను.

"అది నిజం కాదు డాక్టరుగారూ. మొన్న కాదు, ఆ ముందు ఆదివారం నేను నూనె రాశాను, పొడిగా ఉంది. ఆ తర్వాతే చాటుగా అరటితోటలో మోకరిల్లుతున్నారు. నిన్న కాఫీ చెట్టు వెనక నుంచి నా కళ్లతో చూశాను."

గౌడెన్సియా మెల్లగా నావైపు తిరిగింది.

"చూశావా?" అంది. "చూసి ఏం చేశావు?"

ఆమె డాక్టర్‌తో చెప్పింది. "రాసుకోండి, బాబూ. పోయిన గురువారం మొదలుపెట్టాను. ఎందుకో కూడా రాసుకోండి. ఆ ముందురోజు ఈవిడ వంటింట్లోంచి ఫోన్లో అంది, మా వదిన పని అయిపోయింది, ఇక కుర్చీకి అతుక్కునే సెంగాను ఎవరు లెక్కచేస్తారు అని. తలుపు అవతల నేనే ఉన్నాను. మంచినీళ్ల కోసం వచ్చాను."

ఆ మాటలు నావే. ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. మాక్సెన్సియా నవ్వితే నేనూ నవ్వాను కూడా. మూడు రోజులు ముసలమ్మనూ, కుట్లనూ, పాలవాడినీ అనుమానించాను. ఆ ఇంట్లో నేనొక్కదాన్నే నా లెక్కలోకి రాలేదు. కూర్చుందామంటే కుర్చీ ఎక్కడుందో కనిపించలేదు. మా ఆయన నన్ను చూడలేదు, అక్కనూ చూడలేదు, కిటికీలోంచి బయటికి చూశాడు. డాక్టర్‌కు మా గొడవతో పనిలేదు. ఏడు రోజులు అని రాసుకుని, ఆపరేషన్ గది సిద్ధం చేయమన్నాడు.

కాలు తెరిచి కడిగారు. లోహం మధ్యలో ఉండే ప్లాస్టిక్ ముక్క మార్చారు, లోహం దక్కింది. వారాల తరబడి నరానికి మందు ఎక్కించారు, ఆ పైన మూడు నెలలు మాత్రలు మింగమన్నారు. ఆ మాత్రలకు కడుపులో దేవి, తిన్నదల్లా వాంతి అయ్యేది. మోకాలు కుర్చీలో కూర్చునేంత వరకే వంగింది. మోకరిల్లడం ఇక జన్మలో వద్దన్నాడు డాక్టర్. ఆస్పత్రిలో నేను ఆమె మంచం పక్కనే పడుకున్నాను. ఇద్దరం అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. కంచం మాత్రం ముందు నావైపు తోస్తూనే ఉంది.

మాక్సెన్సియాకు మళ్లీ ఫోన్ చేశాను, ఈసారి వార్డు మధ్యలో నిలబడి, అందరికీ వినపడేలా. పరిచయానికి అతిథిగా వచ్చి భోజనం చేసి వెళ్లమన్నాను.

పరిచయం రోజున, మా ఆచారం ప్రకారం అత్త అల్లుడి కంట పడకూడదు కాబట్టి నేను లోపలి గదిలో కర్టెన్ వెనక ఉన్నాను. ఊదారంగు గోమెసి కట్టుకుని, కర్ర పట్టుకుని, గౌడెన్సియా పిల్లలను నడిపించుకొచ్చింది. పిల్లలంతా మోకరిల్లారు. ఆమె కుర్చీలో కూర్చుంది. షామియానా కింద గుసగుసలు మొదలయ్యాయి. అబ్బాయి తరఫున మాట్లాడేవాడు నోటి దురుసు మనిషి, వాడు ఊరుకుంటాడా? ఈ ఇంటి సెంగాకు బిరుసు మెడలోనా మోకాల్లోనా అన్నాడు.

"మెడ నాదే నాయనా, ఎంతైనా వంచుతాను," అంది గౌడెన్సియా. "మోకాలు మాత్రం ఇనుము. వంగాలంటే వచ్చేటప్పుడు కమ్మరిని వెంటబెట్టుకు రావాల్సింది."

షామియానా మొత్తం నవ్వింది. వాడు రెండు చేతులూ ఎత్తేశాడు. ఆమె కుర్చీలోంచే మొత్తం పలకరింపు చెప్పింది, ఒక్కరినీ వదల్లేదు. "మా ప్రిస్కా" అన్నప్పుడు గొంతు జీరపోలేదు. కర్టెన్ వెనక నేను మాత్రం ఏడ్చేశాను.

అందరూ భోజనాల దగ్గర ఉండగా ఆమెకు లోపలి గదిలోకి కంచం తీసుకెళ్లాను. మంచం మీద కాలు చాపుకుని ఉంది. అలవాటు ప్రకారం మోకరిల్లాను. మోకాలు టక్కుమంది. ఆమె కళ్లు మూసుకుంది.

"మళ్లీ," అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత జరిగాక కూడా బుద్ధి మారలేదనుకున్నాను. అయినా మంచం కోడు పట్టుకుని లేచి మళ్లీ దిగాను. ఈసారి రెండు చప్పుళ్లు వచ్చాయి.

"రెండు మోకాళ్లూనా?" అంది కళ్లు తెరవకుండానే.

"రెండూ."

"నొప్పి మొదలై మూడేళ్లయిందా?"

"మీకెలా తెలుసు?"

"వంటింటి ద్వారబంధానికి రంగు ఎక్కడ పోయిందో చూడు. రోజూ అక్కడే పట్టుకుని లేస్తావు."

మూడేళ్లుగా ఆ నొప్పి మా ఆయనకు కూడా చెప్పలేదు. "తెలిసీ ఒక్కమాట అనలేదేం వదినా?" అన్నాను.

ఆమె కళ్లు తెరిచింది. "నువ్వు కాఫీ చెట్టు వెనక ఎందుకు కూర్చుండిపోయావో, నేనూ అందుకే."

బయట డప్పులు మోగుతున్నాయి. ఆమె కర్రతో మూలనున్న స్టూలు చూపించింది. "అది ఇలా జరుపుకో. ఇవాళ్టి నుంచి నా ముందు కూర్చునే వడ్డించు. రేపు నాతో ఆ డాక్టర్ దగ్గరికి వచ్చి నీ మోకాళ్లు చూపించుకో. ఎముక కోస్తే మాత్రం కాల్చేటప్పుడు మన ఎదుటే కాల్చమందాం."

స్టూలు తెచ్చుకుని కూర్చున్నాను. ముప్పై ఒక్క ఏళ్లలో మా ఇంట్లో ఆమె ముందు నేల మీద కాకుండా కూర్చోవడం అదే మొదలు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె కంచం నావైపు తోసింది.

"ముందు నువ్వు తిను," అంది.

ఒక ముద్ద తిన్నాను. ఆ తర్వాత ఆమె తింది. అది అనుమానంతో అందో, మర్యాదకు అందో నేనింకా తేల్చుకోలేదు.